ప్రివ్యూ చూసిన ఎగ్జిబిటర్ మాటకు జవాబు ఏది?

ఎగ్జిబిటర్లకు, అంటే థియేటర్లు నడిపేవారికి, ఇంకా విడుదల కాని సినిమాలను ముందుగా చూపే ప్రివ్యూల్లో రెండో రోజు సాయంత్రం నాలుగో సినిమా ముగిసి హాల్లో దీపాలు వెలుగుతాయి. ప్రతినిధుల ఫోన్లకు ఒక ప్రశ్నపత్రం వస్తుంది: కార్యక్రమం ఎలా జరిగింది, సినిమాలు నచ్చాయా, వచ్చేసారి ఏం మార్చాలి? అప్పటికే వారి కళ్లు మండుతుంటాయి, ఊరికి వెళ్లే రైలుకు వేళవుతుంటుంది. అయినా చాలామంది ఓపికగా కూర్చుని రాస్తారు. రాబోయే నెలల్లో తమ ఊరి తెరపై ఏం ఆడించాలో తేల్చుకోవడానికి వచ్చినవారు వారు. ఇక్కడ జరిగిన లోటు రేపు తమ టికెట్ కౌంటర్ దగ్గర కనిపిస్తుందని వారికి తెలుసు. అలా రాసిన మాట ఆ తర్వాత ఏమవుతుంది?

బ్రిటన్‌లో ఇండిపెండెంట్ సినిమా ఆఫీస్ అనే సంస్థ 2003 నుంచి పనిచేస్తోంది. పెద్ద మల్టీప్లెక్స్ గొలుసులకు చెందని థియేటర్లకు, కళాకేంద్రాలకు, ఫిల్మ్ సొసైటీలకు తోడుగా నిలవడం దాని పని. అది నిర్వహించే ‘స్క్రీనింగ్ డేస్’లో థియేటర్లకు సినిమాలు ఎంపిక చేసేవారు, ఇంకా విడుదల కాని చిత్రాలను ఒకచోట చేరి చూస్తారు. డిస్ట్రిబ్యూటర్లు కూడా వస్తారు. కరోనాకు ముందు సంవత్సరాల్లో బ్రిటన్‌లో ఏటా 700కు పైగా సినిమాలు థియేటర్లలో విడుదలయ్యేవి. ఒకే తెర ఉన్న హాలు వాటిలో ఎన్నింటికి చోటివ్వగలదు? దేన్ని తీసుకోవాలో, దేన్ని వదులుకోవాలో తెలియాలంటే ముందుగా చూడాలి.

చూసి కొనుక్కునే ఈ హక్కు ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. ఒకప్పుడు అక్కడి థియేటర్ యజమానులు తాము చూడని సినిమాలను, కొన్నిసార్లు ఇంకా తీయని సినిమాలను కూడా, కట్టకట్టి ముందే బుక్ చేసుకోవలసి వచ్చేది. 1927లో వచ్చిన సినిమాటోగ్రాఫ్ ఫిల్మ్స్ చట్టం ఆ గుడ్డి బుకింగ్‌ను నిషేధించింది. సినిమాను ముందు వ్యాపార వర్గాలకు ప్రదర్శించాలనే నియమం వచ్చింది. అమెరికాలోనూ పెద్ద స్టూడియోలపై ప్రభుత్వం వేసిన కేసులో 1940లో కుదిరిన ఒప్పందం ప్రకారం, ఒక కట్టలో ఐదుకు మించి సినిమాలు ఉండరాదు, వాటిని ఎగ్జిబిటర్లకు ముందే చూపించాలి. 1948లో సుప్రీంకోర్టు తీర్పు కట్టగట్టి అమ్మే పద్ధతినే తప్పుపట్టింది. అయినా చూపించకుండా వేలం పాడించుకునే అలవాటు పోలేదు. 1980లో పెన్సిల్వేనియా రాష్ట్రం దాన్ని అడ్డుకుంటూ విడిగా చట్టం చేసుకోవలసి వచ్చింది.

ఇంత చరిత్ర ఎందుకంటే, ప్రివ్యూ తర్వాత ఇచ్చే ప్రశ్నపత్రాన్ని చాలామంది నిర్వాహకులు ఒక మర్యాదగా మాత్రమే చూస్తారు. నా దృష్టిలో అది చూసే హక్కులో రెండో సగం. చూడనిచ్చి, చూసినవారి మాటను మూట కట్టి అటక ఎక్కిస్తే ఆ హక్కు సగంలోనే ఆగిపోతుంది.

అయితే ఆ మాట వినడం తేలిక కాదు. ఒకే రోజు, ఒకే సినిమాల గురించి వచ్చే పత్రాలు ఒకదానితో ఒకటి పొసగవు. ‘ఇన్ని సబ్‌టైటిళ్ల సినిమాలు మా ఊళ్లో ఎవరు చూస్తారు’ అని ఒకరు రాస్తారు. ‘ఈ పెద్ద సినిమాల గురించి మాకు ఎలాగూ తెలుసు, ఇంత దూరం వచ్చింది వీటి కోసమా’ అని ఇంకొకరు. ఇద్దరి మాటా నిజమే. మొదటివారిది చిన్న ఊరు, ఒకే తెర, మధ్యాహ్నం ఆటకు వచ్చేవారంతా పెద్ద వయసువారు. రెండోవారిది విశ్వవిద్యాలయం ఉన్న నగరం, మూడు తెరలు. ఈ ఇద్దరి మార్కులు కలిపి సగటు తీస్తే ఐదుకు మూడున్నర వస్తుంది. ఆ మూడున్నర ఏ థియేటర్‌దీ కాదు. అందుకే ప్రశ్నపత్రంలో మొదట అడగవలసింది సినిమా నచ్చిందా అని కాదు. మీ హాలుకు ఎన్ని తెరలు, ఎన్ని సీట్లు, వారానికి ఎన్ని ఆటలు అని. ఇది తెలియకుండా కింద రాసిన ఏ వాక్యాన్నీ సరిగా చదవలేం.

సౌకర్యాల ఫిర్యాదులకు ఆలోచన అక్కర్లేదు. సినిమాకు, సినిమాకు మధ్య పది నిమిషాలే ఇచ్చారనీ, భోజనం సరిపోలేదనీ, రెండు హాళ్లలో ఒకే వేళకు మంచి సినిమాలు పెట్టారనీ రాస్తే వచ్చేసారికి సరిదిద్దాలి. విరామం తక్కువైతే పోయేది సుఖం మాత్రమే కాదు. ఆ విరామంలోనే పక్క ఊరి థియేటర్ నిర్వాహకులు ‘మా దగ్గర ఇలాంటిది ఆదివారం ఆడింది, మామూలు రోజుల్లో ఆడలేదు’ అని చెబుతారు. ఆ సమాచారం ఏ వేదిక మీదా దొరకదు.

వైకల్యం ఉన్న ప్రతినిధుల మాటను మాత్రం లెక్కలతో తూచకూడదు. వినికిడి లోపం ఉన్న ఒక్కరు ‘ఇంగ్లిష్ సినిమాలకు క్యాప్షన్లు లేవు, సగం అర్థం కాలేదు’ అని రాస్తే, ‘వందమందిలో ఒక్కరే కదా’ అనే ప్రశ్నే తలెత్తకూడదు. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం, సేవలు అందించేవారు వికలాంగులకు తగిన ఏర్పాట్లు చేయాలని చెబుతుంది. చట్టం లేకపోయినా నా మాట ఇదే. సినిమా ఎంపిక చేసే ఉద్యోగంలో ఉన్న మనిషికి సినిమా అందలేదంటే, ఆ మనిషి వెనుక ఉన్న ప్రేక్షకులకూ అందలేదని అర్థం.

అసలు చిక్కు సినిమాల ఎంపిక దగ్గర. ‘పిల్లల సినిమా ఒక్కటీ లేదేం’, ‘ఫలానా దర్శకుడి కొత్త సినిమా ఎందుకు పెట్టలేదు’ వంటి ప్రశ్నలు ప్రతిసారీ వస్తాయి. ప్రతినిధులకు తెరపై పడింది మాత్రమే కనిపిస్తుంది. నిర్వాహకులు అడిగి పొందలేనివి కనిపించవు. ఒక సినిమాకు ఎడిటింగ్ పూర్తి కాదు, ఇంకోదానికి విడుదల తేదీ ఖరారు కాదు, మరోదాన్ని ఒక చిత్రోత్సవంలో తొలిసారి చూపేదాకా బయటపెట్టకూడదనే షరతు ఉంటుంది. ఈ సంగతులు చెప్పుకుంటే సాకులు చెబుతున్నట్టు ఉంటుందని నిర్వాహకులు మౌనంగా ఉండిపోతారు. నేను దాన్ని తప్పు అంటాను. మౌనం నుంచి పుట్టే అనుమానం కారణం కన్నా చెడ్డది. ‘అడిగాం, సినిమా సిద్ధంగా లేదు’ అని రెండు ముక్కలు రాస్తే, అదే ఎగ్జిబిటర్ రేపు డిస్ట్రిబ్యూటర్‌ను నేరుగా అడగగలుగుతారు.

ఇంకో మాట. ఎంపిక విషయంలో ఎక్కువమంది కోరినట్టు చేయడం కూడా సరికాదు. ప్రివ్యూ ఉన్నదే, పోస్టర్ చూసి ఎవరూ బుక్ చేయని సినిమాకు ఒక అవకాశం ఇవ్వడానికి. ఒక డాక్యుమెంటరీకి హాల్లో సగంమంది తక్కువ మార్కులు వేయవచ్చు. కానీ చూసినవారిలో ఐదుగురు దాన్ని తమ ఊళ్లో ఆడిస్తే ఆ ప్రివ్యూ తన పని చేసినట్టే. అందరూ మెచ్చుకున్న సినిమానేమో ప్రివ్యూ లేకపోయినా బుక్ చేసేవారు. కాబట్టి సాయంత్రం అలసటలో రాసిన పత్రం ఒక్కటే చాలదు. మూడు నెలల తర్వాత మళ్లీ అడగాలి: మా దగ్గర చూసినవాటిలో ఏది ఆడించారు? ఏది చూసి వద్దనుకున్నారు? ముందు వద్దనుకుని చూశాక మనసు మార్చుకున్నది ఏది? ఈ మూడో ప్రశ్నకు వచ్చే జవాబుల మీదే నాకు అన్నిటికన్నా నమ్మకం.

పత్రాలు నింపేది వచ్చినవారే. రానివారి మాట అందులో ఉండదు. స్వచ్ఛంద సేవకులతో నడిచే చిన్న హాలులో సినిమా ఎంచేవారు, ప్రొజెక్టర్ నడిపేవారు, తలుపు దగ్గర టికెట్ చింపేవారు ఒకరే కావచ్చు. అలాంటివారు రెండు రోజులు హాలు వదిలి నగరానికి రాలేరు. అందుకే ప్రయాణ ఖర్చుకు సాయం చేయడం, లండన్ ఒక్కచోటే కాకుండా వేరే నగరాల్లోనూ పెట్టడం వంటి పద్ధతులు వచ్చాయి. 2020లో కరోనా వల్ల అంతా ఆన్‌లైన్‌కు మారినప్పుడు, ఇన్నాళ్లూ రాలేనివారికి తొలిసారి తలుపు తెరుచుకుంది. డిస్ట్రిబ్యూటర్లకు అది అంతగా నచ్చకపోవడమూ అర్థం చేసుకోదగ్గదే. వంటింట్లో ల్యాప్‌టాప్ మీద ఆపి ఆపి చూసిన సినిమా, చీకటి హాల్లో పదిమంది మధ్య చూసిన సినిమా ఒకటి కావు. అయినా ఆన్‌లైన్ తలుపును మళ్లీ మూసేయకూడదని నేను గట్టిగా అంటాను. శబ్దం మీదా నిశ్శబ్దం మీదా నిలబడే సినిమాలను హాలుకే ఉంచి, మిగిలినవి రెండు చోట్లా చూపవచ్చు.

ఇక జవాబు చెప్పే తీరు. ‘మీరు చెప్పారు, మేం చేశాం’ అని ఒక జాబితా ప్రకటించడం ఇప్పుడు అన్ని రంగాల్లోనూ అలవాటైంది. అందులో చేసినవే ఉంటాయి, చేయనివి ఉండవు. చేయలేకపోయినవాటిని ముందు రాయమంటాను. ఉదాహరణకు, సినిమాల పేర్లు నెల ముందే చెప్పమని కోరతారు. డిస్ట్రిబ్యూటర్లు చివరి నిమిషంలో ఖరారు చేస్తుంటే అది కుదరదు. కానీ ఏ రోజు ఎన్ని గంటలకు మొదలై ఎప్పటికి ముగుస్తుందో నెల ముందే చెప్పవచ్చు. చాలామందికి కావలసింది రైలు టికెట్ కొనుక్కోవడానికి ఆ వేళలే. కుదరదని కారణంతో చెబితే ఎవరూ నొచ్చుకోరు. జవాబే రాకపోతే మాత్రం తర్వాతి సారి పత్రం ఖాళీగా తిరిగొస్తుంది.

నిర్వాహకులు ఎంత జాగ్రత్త పడినా తక్కువే అనిపించే విషయం ఒకటుంది. సినిమా మీద రాసిన అభిప్రాయాన్ని డిస్ట్రిబ్యూటర్‌కు పంపేటప్పుడు రాసినవారి పేరు, ఊరు తీసేయాలి. తరువాతి వారమే ఆ ఎగ్జిబిటర్ అదే డిస్ట్రిబ్యూటర్‌తో వాటా ఎంత, ఎన్ని ఆటలు అని బేరమాడాలి. ‘మీ సినిమా బాగాలేదన్నది ఈయనేనా’ అనే మాట వస్తే, ఇక ఆ హాలు నుంచి నిజం రాదు. మరోవైపు, చిన్న డిస్ట్రిబ్యూటర్‌కు పరుషమైన వాక్యాలను ఉన్నవి ఉన్నట్టు పంపినా ఉపయోగం లేదు. ‘మొదటి ఇరవై నిమిషాలు నెమ్మదిగా ఉన్నాయని పలువురు అన్నారు, పాఠశాలల ఆటలకు బాగుంటుందని కొందరు అన్నారు’ అని కూర్చి ఇస్తే, ప్రచారం ఎలా చేయాలో వారికి దారి దొరుకుతుంది.

ఇదంతా చదువుతుంటే తెలుగు పాఠకులకు మన థియేటర్లు గుర్తుకు రాక మానవు. మన దగ్గర ప్రివ్యూలు లేకపోలేదు. హైదరాబాద్ ప్రసాద్ ల్యాబ్స్‌లో పరిశ్రమ పెద్దలకు, పాత్రికేయులకు వేస్తారు. చిన్న సినిమాలకు విడుదలకు ముందే పెయిడ్ ప్రీమియర్లు వేయడం కూడా వచ్చింది. కానీ మండల కేంద్రంలో సింగిల్ స్క్రీన్ నడిపే యజమాని, మొదటి రోజు ఉదయం ఆటకు ప్రేక్షకులతో కలిసే సినిమా చూస్తారు. దానికి ఒక కారణం అద్దె పద్ధతి. సినిమా ఎలా ఉన్నా వారానికి ఇంత అని అద్దె వచ్చేటప్పుడు ముందుగా చూడవలసిన అవసరం యజమానికి కనిపించదు. 2025 మే నెలలో ఎగ్జిబిటర్లు అద్దె వద్దు, వసూళ్లలో పర్సంటేజీ కావాలని, లేకుంటే జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామని అన్నారు. చివరికి మూతపడలేదు గానీ ఆ డిమాండ్‌లో ఉన్న అసలు మార్పును మనం గమనించలేదు. పర్సంటేజీ వస్తే యజమాని సినిమా లాభనష్టాల్లో భాగస్వామి అవుతారు. భాగస్వామికి సరుకు చూపించకుండా ఎలా? ఏడాది పొడవునా చెప్పుకునే చోటు లేని మాటే చివరికి మూసివేత హెచ్చరికగా బయటికి వస్తోందని నాకు అనిపిస్తుంది.

పైరసీ భయం, ముందే టాక్ బయటికి పొక్కుతుందన్న భయం ఉన్నాయి. అవి నిజమైన భయాలే. పెద్ద హీరో సినిమాతో మొదలుపెట్టమని ఎవరూ అడగడం లేదు. విజయవాడలో ఒక హాలు, వారం మధ్యలో ఒక ఉదయం, విడుదలకు మూడు వారాల ముందు రెండు చిన్న సినిమాలు. ఫోన్లు తలుపు దగ్గరే తీసుకోవచ్చు. చుట్టుపక్కల జిల్లాల సింగిల్ స్క్రీన్ యజమానులను పిలిచి, చివర్లో ఒక్క పేజీ చేతికివ్వాలి: మీ హాలులో ఎన్ని సీట్లు, ఈ సినిమాకు ఏ ఆటలు ఇస్తారు, ఎందుకు ఇవ్వరు? రెండో ప్రివ్యూ రోజున సినిమా మొదలయ్యే ముందు, మొదటిసారి వచ్చిన జవాబులను పేర్లు లేకుండా చదివి వినిపించాలి.