ఇరుసు వైరాగ్యం

నా దగ్గర 1971 నాటి ఎం.జి.బి. జి.టి. ఉంది. స్పోర్ట్స్ కారు. వారంలో రెండు రోజులు దాన్ని నడుపుతాను, మిగతా ఐదు రోజులు దాని కింద పడుకుంటాను.

క్లచ్ వదిలినప్పుడల్లా వెనకనుంచి ‘ఠంగ్’మని ఒక శబ్దం. పక్కన కూర్చున్నవారు ఉలిక్కిపడితే, ‘పాత కార్లకు అది సహజం’ అనేవాణ్ణి. మొదట్లో గర్వంగా అనేవాణ్ణి, తర్వాత మామూలుగా, చివరికి నేల చూపులు చూస్తూ.

జబ్బు ఎక్కడో తెలిసిందే. వెనక ఇరుసు మధ్యలో, ఇంజను శక్తిని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్‌లో చిన్న గేర్ల వెనక రెండు రాగి వాషర్లు, పెద్ద గేర్ల వెనక రెండు ఫైబర్ వాషర్లు ఉంటాయి. అవి అరిగితే సందు పెరిగి, గేర్ల పళ్ళు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. నాలుగు వాషర్లు మార్చాలి, అంతే. “మధ్యాహ్నానికి అయిపోతుంది” అన్నాను మా ఆవిడతో. ఏ రోజు మధ్యాహ్నమో చెప్పకపోవడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని.

నా కారువి ఊచల చక్రాలు. ఒక్కో చక్రాన్ని ఒకే ఒక రెక్కల నట్టు పట్టి ఉంచుతుంది. రాగి సుత్తితో రెక్క మీద కొడితే ఊడుతుంది. ఎడమ చక్రం నాలుగు దెబ్బలకే లొంగింది. కుడి చక్రాన్ని అరగంట బాదాను. చొక్కా తడిసింది, మోచెయ్యి సడలింది, నట్టు మాత్రం కదలలేదు. మా ఆవిడ వచ్చి, వంగి, కొంగుతో దాని మీది మట్టి తుడిచింది.

“ఏమండీ, ‘విప్పు’ అని ఇంగ్లీషులో రాసి బాణం గుర్తు వేశారు. మీరు కొడుతున్నది అవతలి వైపుకు కదా?”

కుడివైపు మరలు తిరగేసి ఉంటాయి. బండి నడుస్తుండగా నట్టు వదులు కాకుండా ఆ ఏర్పాటు. చక్రం ముందుకు దొర్లే వైపుకే కొడితేనే ఊడుతుంది. ఈ సంగతి నాకు తెలుసు, పదిమందికి చెప్పాను కూడా. అరగంట సేపు నేను చేసింది దాన్ని బిగించడం. విప్పడానికి గంట పట్టింది.

ఇరుసు లోపల ఉండి చక్రాలను తిప్పే కడ్డీలు, అంటే హాఫ్ షాఫ్టుల నట్లను 150 పౌండ్-అడుగుల బలంతో బిగించాలంటుంది మాన్యువల్. వాటితో పెనుగులాట వర్ణించను. పానాకు గొట్టం తొడిగి దాని మీద నిలబడ్డాననీ, తర్వాత నిలబడి లేననీ చెబితే చాలు.

ఇక డిఫరెన్షియల్ మూత. బుద్ధిమంతుడు పై రెండు బోల్టులు ఉంచి, కింద సందు చేసి, నూనెను పళ్ళెంలోకి దించుతాడు. నేను బోల్టులన్నీ తీసేశాను. మూత ఊడలేదు, నూనె కారకుండా మధ్యలో పెట్టే గాస్కెట్‌కు అతుక్కుపోయింది. ముఖం దగ్గరగా పెట్టి స్క్రూడ్రైవర్‌తో కాస్త కదిపాను. గేరు ఆయిలుతో తలంటు జరిగింది. ఆ నూనెలో గంధకం ఉంటుంది. మూడు రోజులు నేను ఏ గదిలోకి వెళితే ఆ గది కిటికీలు తెరుచుకున్నాయి.

ఆ కారు కిందే, కళ్ళు మూసుకుని, నాకు వైరాగ్యం కలిగింది. శ్మశాన వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం మన పెద్దలు చెప్పినవే. ఇరుసు వైరాగ్యం వాళ్ళ అనుభవంలోకి రాలేదు.

కాని పాత రాగి వాషర్లు చేతిలోకి రాగానే ఆ వైరాగ్యం ఎగిరిపోయింది. చిన్న దొప్పల్లాంటి బిళ్ళలు. నూనె నిలవడానికి వేసిన గుంటల జాడ కూడా లేదు. ఉల్లిపొరలా పలచబడి, అంచులు బ్లేడులా తయారయ్యాయి. మిగిలిన రాగి అంతా నూనెలో మిలమిలలాడుతోంది. ఇంత పొడి చేసినవాడు ఎన్నాళ్ళు ‘సహజం’ అన్నాడో తలచుకుంటే సిగ్గేసింది.

కొత్తవి వేశాను. మరుసటి ఆదివారం మధ్యాహ్నానికి అన్నీ బిగించి రోడ్డెక్కాను. క్లచ్ వదిలాను. ‘ఠంగ్’ లేదు! రెండు నిమిషాలు స్వర్గం.

ఆ తర్వాత ‘టిక్’. చక్రం తగిలించే హబ్ పళ్ళ దగ్గరనుంచి. దానికి జవాబుగా ఇరుసుకు ఇంజను శక్తిని తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు కీలు దగ్గర ‘చిక్’. పెద్దాయన ఇంట్లో ఉన్నంతకాలం నోరెత్తని పిల్లలంతా ఒక్కసారి మాట్లాడడం మొదలుపెట్టారు.

“పాతదే నయమండీ,” అంది మా ఆవిడ, “ఒక్కసారి మోగి ఊరుకునేది.”

ఇంటికి వచ్చి రాగి సుత్తి తీశాను. ఈసారి ముందుగా బాణం గుర్తు చూసుకున్నాను.