యువకుల్లో అంగస్తంభన సమస్య: ‘నరాల బలహీనత’ అనే మాట చేసిన చేటు

పాతికేళ్ల కుర్రాడికి అంగస్తంభన సరిగా జరగకపోతే, మన దగ్గర ముందుగా గుర్తొచ్చే మాట ‘నరాల బలహీనత’. రైలు పట్టాల పక్క గోడల మీద, బస్టాండు మూత్రశాలల్లో, ఇప్పుడు ఫోన్లో వచ్చే రీల్స్‌లో అతను చిన్నప్పటి నుంచి చూస్తున్నది ఆ మాటే. వైద్యంలో ఈ సమస్యకు అలాంటి పేరు లేదు. అయినా తరాలుగా మగపిల్లలు తమ బాధకు ఆ పేరే పెట్టుకుని, ఆ పేరుతో మందులు అమ్మేవాడి దగ్గరికే వెళ్తున్నారు. వాళ్లకు జరుగుతున్న నష్టంలో పెద్ద భాగం ఈ పేరు వల్లేనని నా అభిప్రాయం.

అసలు ‘నరం’ అనే మాటలోనే చిక్కుంది. మెదడు నుంచి కబురు మోసుకెళ్లేదాన్నీ నరమే అంటాం, పిడికిలి బిగిస్తే చేతి మీద పైకి తేలే రక్తనాళాన్నీ నరమే అంటాం. దాంతో అంగం గట్టిపడకపోతే నరాలు చచ్చుబడ్డాయని అనుకోవడం తేలికైపోయింది. నిజానికి అక్కడ ముఖ్యమైన పని రక్తానిది. కోరిక కలిగినప్పుడు నరాల చివర్ల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలవుతుంది. దాంతో లోపలి సన్నని కండరాలు సడలుతాయి, ధమనులు వెడల్పవుతాయి, స్పాంజ్ లాంటి కణజాలం రక్తంతో నిండుతుంది. ఆ ఒత్తిడికి రక్తాన్ని బయటికి తీసుకుపోయే సిరలు నొక్కుకుపోతాయి కాబట్టి గట్టిదనం నిలుస్తుంది. రక్తనాళాల్లో నైట్రిక్ ఆక్సైడ్ చేసే ఈ పనిని కనిపెట్టినందుకు 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి ఇచ్చారు. వయాగ్రాకు అమెరికాలో అనుమతి వచ్చింది కూడా ఆ ఏడాదే.

అంటే అంగం గట్టిపడాలంటే లోపల కండరాలు సడలాలి. భయం అంత చేటు ఎందుకు చేస్తుందో ఇక్కడే తెలుస్తుంది. భయపడినప్పుడు ఒంట్లో పెరిగే అడ్రినలిన్ ఆ కండరాలనే బిగిస్తుంది, రక్తం లోపలికి రాదు. పాము ఎదురైనప్పుడు ప్రాణం కాపాడే ఏర్పాటే పడకగదిలో అడ్డుపడుతుంది.

మన శోభనం ఏర్పాట్లు ఒకసారి గుర్తు చేసుకోండి. పెళ్లి పనులతో మూడు నాలుగు రోజులుగా సరైన నిద్ర ఉండదు. అమ్మాయితో పరిచయం అంతంతమాత్రం. పూలు, పాలగ్లాసు, ముహూర్తం, తలుపు అవతల ఇంటినిండా చుట్టాలు, తెల్లారాక ముఖం చూసి విషయం పసిగట్టాలని ఎదురుచూసే కళ్లు. పూర్తి ఆరోగ్యంగా ఉన్న కుర్రాడికి కూడా ఆ రాత్రి కుదరకపోవచ్చు. అది జబ్బు కాదు. కానీ రెండో రాత్రి ‘ఇవాళైనా అవుతుందా’ అని తనను తానే పరీక్షించుకుంటాడు, ఆ టెన్షన్‌తోనే మళ్లీ విఫలమవుతాడు. మూడో రాత్రికి తలనొప్పి అని చెప్పి అటు తిరిగి పడుకుంటాడు. ఇటు అమ్మాయి ‘నేను నచ్చలేదేమో’ అని కుమిలిపోతుంది. కొన్ని వారాల్లో సంగతి ఆమె తల్లికి తెలుస్తుంది, ఆ తర్వాత పెద్దమనుషుల దాకా వెళ్తుంది. నపుంసకత్వం కారణంగా కాపురం జరగకపోతే పెళ్లిని రద్దు చేయమని కోరే వీలు హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్‌లో ఉందని అప్పటికి ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, దాదాపు ఆరు నెలల పాటు, కలిసిన ప్రతిసారీ లేదా చాలాసార్లు ఈ ఇబ్బంది ఉంటేనే దాన్ని రుగ్మత అనాలి. డాక్టర్లు ఆరు నెలలు చూడమంటున్న చోట మనం ఆరు రాత్రుల్లో ఒక మనిషి మీద ముద్ర వేసేస్తున్నాం. ఆరు నెలలూ ఇంట్లోనే కూర్చోమని నా ఉద్దేశం కాదు. సలహా కోసం ఎప్పుడైనా వెళ్లవచ్చు.

అలాగని అంతా మనసు మహిమే అని తేల్చేయడం కూడా పొరపాటే. ఇటలీలోని మిలాన్‌లో ఒక ఆస్పత్రి వైద్యులు 2013లో ప్రచురించిన పరిశీలనలో, ఈ సమస్యతో కొత్తగా వచ్చినవాళ్లలో నలుగురిలో ఒకరు 40 ఏళ్లలోపు వాళ్లే. వాళ్లలో దాదాపు సగం మందికి సమస్య తీవ్రంగా ఉంది. ఒక ఆస్పత్రికి వచ్చినవాళ్ల లెక్క ఇది, సమాజం మొత్తానిది కాదు. అయినా ఇది ముసలివాళ్ల ఇబ్బంది అనే ధీమాను పోగొట్టడానికి ఆ లెక్క చాలు.

మనసా, శరీరమా అని తేల్చుకోవడానికి డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి చాలా మామూలుది: తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి అంగం గట్టిగా ఉంటోందా? ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు నిద్రలో, కలలు వచ్చే దశల్లో, రాత్రికి మూడు నుంచి ఐదు సార్లు స్తంభన జరుగుతుంది. అది మామూలుగా ఉంటే రక్తనాళాలు, నరాలు చాలావరకు బాగున్నట్టే, కారణాన్ని భయంలోనో బంధంలోనో వెతకాలి. అది కూడా నెలల తరబడి తగ్గిపోతే శరీరం వైపు చూడాలి. అంగంలోని ధమనుల వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లే. గుండె ధమనులు 3 నుంచి 4 మిల్లీమీటర్లుంటాయి. లోపలి పొర దెబ్బతిన్నప్పుడు సన్నని గొట్టంలోనే ఇబ్బంది ముందుగా బయటపడుతుంది. గుండె జబ్బు లక్షణాలకు రెండు మూడేళ్ల ముందే ఈ సమస్య కనిపించవచ్చని వైద్యులు చెప్పేది అందుకే. భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రచురించిన అధ్యయనం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది అని, షుగర్ అంచున ఉన్నవాళ్లు 13.6 కోట్ల మంది అని అంచనా వేసింది. ముప్పై ఏళ్ల కుర్రాడు సిగ్గుపడి లేహ్యం కొనుక్కుంటే, అతని రక్తంలోని చక్కెరను చూసేవాళ్లే ఉండరు.

కుర్రాళ్లు డాక్టరుకు చెప్పని కారణాలు ఇంకొన్ని ఉన్నాయి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఒంట్లో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను సొంత తయారీని ఆపేస్తాయి. జుట్టు రాలకుండా వాడే ఫినాస్టిరైడ్, డిప్రెషన్‌కు వాడే కొన్ని మాత్రలు కొందరిలో ఈ ఇబ్బంది తెస్తాయి. అలాంటప్పుడు మాత్రను సొంతంగా ఆపేయకుండా, రాసిన డాక్టరుతోనే మాట్లాడాలి. బైక్ ప్రమాదంలో కటి భాగానికి తగిలిన దెబ్బను కూడా చెప్పడం మర్చిపోతారు. ఇక నిద్ర. ఆరోగ్యంగా ఉన్న పదిమంది యువకులను వారం పాటు రాత్రికి 5 గంటలే పడుకోనిస్తే పగటి టెస్టోస్టిరాన్ 10 నుంచి 15 శాతం తగ్గిందని చికాగోలో చేసిన ఒక అధ్యయనం 2011లో చూపింది. నైట్ షిఫ్టులు చేసే మన పిల్లలు ఈ సంగతి గమనించాలి.

హస్తప్రయోగం వల్ల, స్వప్న స్ఖలనం వల్ల ‘శక్తి కారిపోయింది’ అని కుమిలిపోయేవాళ్లను చూస్తే నాకు నిజంగా కడుపు తరుక్కుపోతుంది. వీర్యం పోతే ఒంట్లో సత్తువ పోదు. ఈ భయంతో వచ్చే నీరసానికి, దిగులుకు మానసిక వైద్యుడు ఎన్.ఎన్.విగ్ 1960లోనే ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. లైంగిక శక్తి పెంచుతామని ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అయినా గోడల మీద రంగు ఆరడం లేదు. ‘మూలికలే’ అని అమ్మిన ఇలాంటి మందుల్లో వయాగ్రాలోని సిల్డెనాఫిల్ కలిపి ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పదేపదే హెచ్చరించింది.

సిల్డెనాఫిల్ చెడ్డ మందు కాదు. డాక్టరు చూసి ఇస్తే చాలామందికి బాగా పనిచేస్తుంది, మొదట్లో పోయిన ధైర్యాన్ని తిరిగి తెస్తుంది. కానీ ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టే సార్బిట్రేట్‌తో కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. స్నేహితుడిచ్చిన మాత్ర వేసుకున్నవాడు ఛాతీ నొప్పితో ఆస్పత్రికి వెళ్తే ఆ సంగతి దాచకూడదు. స్తంభన 4 గంటలు దాటినా వెంటనే క్యాజువాలిటీకి వెళ్లాలి.

బరువు తగ్గడం వల్ల వచ్చే ఫలితాన్ని చాలామంది తక్కువ అంచనా వేస్తారు. 2004లో వచ్చిన ఒక ఇటలీ అధ్యయనంలో, ఊబకాయం ఉన్న మగవాళ్లు తిండి మార్చుకుని, నడక పెంచి రెండేళ్లు నిలబడితే దాదాపు మూడో వంతు మందికి సామర్థ్యం తిరిగొచ్చింది. భయమే కారణమైన జంటలకు 1970ల నుంచి వాడుకలో ఉన్న పద్ధతి మరొకటి ఉంది. కొన్ని వారాలు సంభోగం వద్దని డాక్టరే చెబుతారు. స్పర్శ, దగ్గరితనం మాత్రమే ఉండాలి. పరీక్ష లేదని తెలిసాక శరీరం తనంతట తానే సడలుతుంది. ఆషాఢంలో కొత్త దంపతులను వేరుగా ఉంచే మనకు ‘కొన్నాళ్లు వద్దు’ అనే మాట కొత్తేమీ కాదు. కాకపోతే ఇక్కడ ఇద్దరూ ఒకే గదిలో, ఒకరికొకరు తోడుగా ఉంటారు. అందుకే భార్య కూడా డాక్టరు దగ్గరికి వెళ్తే వైద్యం సగం తేలికవుతుంది.

చాలామంది వెనక్కి తిరిగేది ఓపీ చీటీ రాసే కౌంటరు దగ్గర, వరుసలో వెనక పదిమంది ఉండగా ‘ఏం ప్రాబ్లం?’ అని అడిగినప్పుడు. అక్కడ ‘యూరాలజీ’ (మూత్ర, జననాంగ సమస్యలు చూసే విభాగం) అంటే చాలు. లోపల తలుపు వేశాక ‘ఇన్ని నెలలుగా అంగస్తంభన సరిగా కావడం లేదు, పొద్దున పూట ఇలా ఉంటోంది’ అని రెండు ముక్కల్లో చెప్పండి. బీపీ చూస్తారు, షుగర్, కొలెస్ట్రాల్, అవసరమైతే ఉదయం పూట టెస్టోస్టిరాన్ పరీక్షలు రాస్తారు. అక్కడిదాకా వెళ్లే ధైర్యం ఇంకా రాకపోతే, దిగులు గురించి తెలుగులోనే మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, రాత్రయినా ఎత్తుతారు.