డిగ్రీ కాలేజీకి మధ్యాహ్నం తర్వాత కూడా ప్రాణం ఉండాలి

ఇంటర్ పిల్లలున్న ఇళ్లల్లో ఈ మధ్య ‘లిబరల్ ఆర్ట్స్’ అనే మాట వినిపిస్తోంది. సోనీపత్‌లో 2014లో మొదలైన అశోకా, తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఉన్న క్రియా లాంటి విశ్వవిద్యాలయాలు ఆ పేరుతోనే పిల్లలను పిలుస్తున్నాయి. చరిత్ర చదివే అమ్మాయి కంప్యూటర్ సైన్స్ పాఠం కూడా వినొచ్చు. నాటకం, చర్చ, పత్రిక అన్నీ చదువులో భాగమే. ఫీజు మాత్రం ఏడాదికి లక్షల్లో ఉంటుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఇలాంటి బహుళ విషయాల చదువే కావాలంటోంది. ఇదంతా వరంగల్‌కు ఎప్పుడూ లేనిదనీ, ఇప్పుడు కొత్తగా తెచ్చుకోవాలనీ అనేవాళ్లతో నేను ఏకీభవించను. మనకు ఆ చదువు ఉండేది. అందులో సగాన్ని మనమే చేజార్చుకున్నాం.

అమెరికాలో ఈ తరహా చిన్న కాలేజీలకు ఆమ్‌హర్స్ట్ మంచి ఉదాహరణ. 1821లో పుట్టిన ఈ కాలేజీలో విద్యార్థులు ఇప్పటికీ రెండు వేల లోపే. అందరూ తప్పనిసరిగా చదవాల్సిన కోర్సుల జాబితా అంటూ అక్కడ లేదు. ఏడెనిమిది మందికి ఒక అధ్యాపకుడు ఉంటాడు. దాదాపు అందరూ క్యాంపస్‌లోనే ఉంటారు. మనవాళ్లు ఈ పద్ధతి గురించి చెప్పేటప్పుడు కోర్సుల స్వేచ్ఛ దగ్గరే ఆగిపోతారు. క్లాసు అయిపోయాక కూడా విద్యార్థి అక్కడే ఉండటం అంతకన్నా ముఖ్యమైన సంగతి. భోజనాల దగ్గర వాదించుకోవడానికి, లైబ్రరీలో పొద్దుపోయేదాకా కూర్చోవడానికి, సంఘాలు నడపడానికి కాలేజీ అతనికి టైమ్ ఇస్తుంది.

హనుమకొండలో ఆ టైమ్ ఉండేది. ఇక్కడ చదువుకు తోడుగా చదివే చోటు కాలేజీల కంటే ముందే వచ్చింది. రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1904 నాటిది. ఉర్దూ మాధ్యమంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలవడానికి పద్నాలుగేళ్ల ముందే ఊళ్లో తెలుగు పుస్తకం తెరిచే జాగా ఒకటి ఏర్పడింది. నిజాం కాలంలో ఇంటర్మీడియట్ కాలేజీగా మొదలై, ఇప్పుడు కాకతీయ యూనివర్సిటీ కింద నడుస్తున్న సుబేదారి ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ అలాంటి ఊళ్లో పెరిగింది. 1938లో వందేమాతరం పాడే హక్కు కోసం జరిగిన ఉద్యమంలో బహిష్కరణకు గురైన విద్యార్థులకు నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. వాళ్లలో హనుమకొండలో చదివిన పి.వి. నరసింహారావు ఒకరు. స్థానికుల ఉద్యోగాలు స్థానికులకే కావాలన్న 1952 ముల్కీ ఉద్యమం వరంగల్ విద్యార్థుల ఊరేగింపులతోనే రాజుకుంది. అప్పుడు ఇక్కడ ఇంటర్ చదువుతున్న కొత్తపల్లి జయశంకర్ తర్వాత సి.కె.ఎం. కాలేజీ ప్రిన్సిపాల్ అయ్యారు, కాకతీయ యూనివర్సిటీ వైస్ చాన్సలర్ కూడా అయ్యారు. ఆయన రాజకీయ ఆలోచన సిలబస్‌లోంచి వచ్చింది కాదు. కాలేజీ చుట్టూ ఉన్న జీవితమే దాన్ని తయారుచేసింది.

కరీంనగర్ కథ నాకు మరీ ఇష్టం. 1959లో అక్కడి ప్రభుత్వ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చినాయన విశ్వనాథ సత్యనారాయణ. ఒక మహాకవి జిల్లా కేంద్రంలోని డిగ్రీ కాలేజీలో పాఠాలు, పరిపాలన చూసుకున్న రోజులవి. ఈ ప్రాంతపు కాలేజీల్లో సాహిత్యం పరీక్ష పేపర్‌తో ఆగిపోలేదు. 1966లో వరంగల్ నుంచి మొదలైన సాహిత్య పత్రిక ‘సృజన’ను నడిపినవాళ్లలో కాలేజీ అధ్యాపకులున్నారు. ఆ పత్రిక రాజకీయాలతో మీకు పేచీ ఉండొచ్చు. పొద్దున పాఠం చెప్పిన లెక్చరర్ సాయంత్రం పత్రిక ప్రూఫులు దిద్దడం, విద్యార్థి పక్కన కూర్చుని కథ మీద వాదించడం మాత్రం ఏ సిద్ధాంతానికైనా మంచి చదువే. ఉస్మానియా పీజీ సెంటర్ 1976లో కాకతీయ యూనివర్సిటీగా మారేనాటికి, ఈ సాయంత్రాల అలవాటు ఊరికి బాగా పట్టుబడింది.

మరి ఎక్కడ తెగింది? ఒక కారణం అందరికీ తెలిసిందే. 1959లో రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ, అదే ఏడాది కాకతీయ మెడికల్ కాలేజీ వచ్చాక ఊరి గౌరవం అటు మళ్లింది. ఎంసెట్ వచ్చాక ‘బీఏనా?’ అని అడిగే గొంతు కూడా మారిపోయింది. రెండో కారణం అంత తేలిగ్గా చెప్పుకోలేనిది. విద్యార్థి రాజకీయాల్లో ఘర్షణలు ముదిరి రక్తపాతం దాకా వెళ్లాయి. పోలీసు కేసులూ ఎన్‌కౌంటర్లూ ఎన్నో ఇళ్లను చీకటి చేశాయి. 1980ల చివర కాలేజీ ఎన్నికలు ఆగిపోయాయి. కొడుకు బతికి ఉంటే చాలనుకున్న తల్లిదండ్రులు ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేదు. వాళ్ల భయం నిజమైనదే. కానీ ఎన్నికలతో పాటు డిబేట్లూ, గోడపత్రికలూ, యూనియన్ తరఫున జరిగే సభలూ కూడా పోయాయి. వాటిని తిరిగి తేవాల్సిన అవసరం ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వానికీ కనపడలేదు.

ఇప్పుడు డిగ్రీ కాలేజీని కొలిచేది ఒకటే లెక్క: సీట్లు నిండాయా లేదా. 2016 నుంచి అడ్మిషన్లు ఎక్కువగా ‘దోస్త్’ ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. దళారీల బెడద తగ్గింది, అది నిజమైన మేలు. అయితే చేరిక తక్కువైన కాంబినేషన్‌ను ఎత్తేయడం, మిగిలిన నలుగురిని ఇంకో కాలేజీకి సర్దడం మామూలైపోయింది. ఫిలాసఫీ, సోషియాలజీ లాంటివి ఇలాగే పక్కకు జరుగుతున్నాయి. ఆమ్‌హర్స్ట్‌లో చిన్న క్లాసును గొప్పగా చూస్తే, మన దగ్గర అదే చిన్న క్లాసు మూసివేతకు సాకు అవుతోంది. కాంట్రాక్టు, గెస్ట్ లెక్చరర్ల మీదే పాఠాలు నడుస్తున్నప్పుడు, పీరియడ్ అయ్యాక ఉండి నాటకం వేయించమని వాళ్లను ఏ ముఖంతో అడగగలం? ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలే బంద్ పాటించే పరిస్థితి వచ్చింది. పిల్లలు కూడా మధ్యాహ్నానికల్లా వెళ్లిపోతున్నారు. కొందరు బట్టల షాపుకు, కొందరు డెలివరీ బండి మీదికి. వాళ్లను నిందించడానికి నాకు మనసొప్పదు. ఇంటికి ఆ డబ్బు కావాలి.

ఇంకో విషయం గమనించండి. బీఏ చరిత్ర, రాజనీతి శాస్త్రం, ఎకనామిక్స్ వద్దనుకున్న పిల్లలే డిగ్రీ అయ్యాక హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని అవే సబ్జెక్టులకు కోచింగ్ ఫీజు కడుతున్నారు. గ్రూప్-2లో తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర అవతరణ మీద ఒక పేపరే ఉంది. అంటే ఈ చదువుకు గిరాకీ లేదనేది అబద్ధం. కాలేజీ నాలుగ్గోడల మధ్య మూడేళ్లలో తీరిగ్గా, ప్రశ్నలు అడుగుతూ చదవాల్సింది ఇరవై ఐదేళ్ల వయసులో టెన్షన్ పడుతూ, బిట్లు బిట్లుగా బట్టీ పడుతున్నారు. లైబ్రరీల్లో చోటు దొరకనంత మంది కూర్చుంటున్నారు, కానీ వాళ్ల ముందు ఉండేది గైడ్లే.

చరిత్ర విద్యార్థికి హనుమకొండ కంటే మంచి ఊరు ఏది? వేయిస్తంభాల గుడి దగ్గర 1163 నాటి కాకతీయ రాజు రుద్రదేవుడి శాసనం ఉంది. పద్మాక్షి గుట్ట మీద 1117 నాటి జైన శాసనం ఉంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన రామప్ప గుడికి పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. కాకతీయులు స్వతంత్రులమని చాటుకున్నది ఆ 1163 శాసనంలోనే అని పుస్తకంలో చదువుతాం. దాని అక్షరాల ముందు నిలబడి, ఒక లైను తానే చదివే ప్రయత్నం చేసిన పిల్లకు ఆ సంవత్సరం ఇక పరీక్ష కోసం గుర్తుపెట్టుకోవాల్సిన అంకె కాదు. దీనికి లక్షల ఫీజు అక్కర్లేదు. టైమ్‌టేబుల్‌లో వారానికి ఒక ఖాళీ మధ్యాహ్నం, వెంట వచ్చే ఒక పర్మనెంట్ లెక్చరర్ ఉంటే చాలు.

ఖాళీ మధ్యాహ్నాలు అనగానే ఆడపిల్లల సంగతేంటని అడుగుతారు. అడగాల్సిందే. నర్సంపేట, పరకాల, జనగామ వైపు నుంచి వచ్చే అమ్మాయికి చివరి బస్సే గడియారం. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక ఛార్జీ భయం పోయింది. ఇక మిగిలింది వేళల సమస్య. సాయంత్రం ఆరు తర్వాత కాలేజీల ముందు నుంచి ఈ రూట్లలో ఒక్కో బస్సు వేస్తే, వాళ్లు కూడా డిబేట్‌కో, ఆటకో, బతుకమ్మ పాటల రిహార్సల్‌కో ఆగగలరు. విద్యాశాఖ, ఆర్టీసీ డిపో మేనేజర్ కలిసి కూర్చుంటే తేలిపోయే పని ఇది. కాలేజీ ఎన్నికలను కూడా మళ్లీ పెట్టాలంటాను. పార్టీ జెండాలు లేకుండా, ఖర్చుకు హద్దు పెట్టి, ముందు సాహిత్య, క్రీడా కార్యదర్శుల పదవులతో మొదలుపెట్టొచ్చు. పద్దెనిమిదేళ్లకే ఓటు ఇచ్చిన దేశంలో ఇదేం పెద్ద సాహసం కాదు.

ఈ మాటలన్నీ ఇప్పుడు చెప్పడానికి ములుగు ఒక కారణం. సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 చివర్లో పార్లమెంటు చట్టం చేసింది. జాకారం దగ్గర తరగతులు మొదలయ్యాయి. మొదట పెట్టింది ఇంగ్లిష్, ఎకనామిక్స్ లాంటి డిగ్రీ కోర్సులే. ఉత్తర తెలంగాణలో కేంద్రం డబ్బుతో, కొత్తగా, చిన్నగా ఒక ఆర్ట్స్ చదువు మొదలవుతోంది. మేడారం జాతర జరిగే నేల అది. కోయ పెద్దల నోటి కథలు, పోడు భూముల చరిత్ర, అడవి హక్కుల చట్టం, ఇవన్నీ క్లాసు బయటే దొరికే పాఠాలు. వాటిని వినడానికి విద్యార్థికి సాయంత్రాలు కావాలి, హాస్టల్ కావాలి, భోజనం దగ్గర మాట్లాడే లెక్చరర్ కావాలి. శాశ్వత భవనాల ప్లాన్లు వేసేటప్పుడే టీచర్ల క్వార్టర్లు, విద్యార్థుల మెస్ ఒకే ఆవరణలో పెట్టాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. గోడలు లేచాక వాటిని జరపడం ఎవరి వల్లా కాదు. కాబట్టి హనుమకొండ పాత విద్యార్థులు, పదవీ విరమణ చేసిన అధ్యాపకులు ఆ డిమాండ్‌ను విశ్వవిద్యాలయ అధికారుల ముందు ఈ ఏడాదే పెట్టాలి.