తప్పు గోదావరి జిల్లాలదే

రోహిణి కార్తె వచ్చిందంటే మన వైపు ఫోన్లు ఆగిపోతాయి, ఇన్వర్టర్లు కీచుమంటాయి, ఫ్రిజ్‌లో పాలు విరుగుతాయి. జనం కంపెనీలను తిట్టిపోస్తారు. ఇది చాలా అన్యాయమండీ. ఎంత వేడిలో వాడాలో కంపెనీలు చిన్న అక్షరాల్లో ముందే అచ్చేసి ఇచ్చాయి. ఆ షరతులు మీరుతున్నది మన జిల్లాలు.

ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ చెబుతోంది. అంటే మే నెలలో రాజమండ్రి వాళ్లు తెల్లవారుజామున నాలుగు మాటలు మాట్లాడేసుకుని, మళ్లీ రాత్రి భోజనాలయ్యాకే ఫోన్ ముట్టాలి. మధ్యాహ్నం పూట సంబంధాలు మాట్లాడేవాళ్లను ఏం చేయాలో పెద్దలు ఆలోచించాలి.

ఫ్రిజ్ స్టిక్కర్ మీద ‘ఎన్’ అని ఉంటే బయటి వేడి 32 డిగ్రీల దాకా, ‘ఎస్‌టీ’ అయితే 38, ‘టీ’ అయితే 43 దాకా. 43 దాటాక మజ్జిగ పులిసిందని ఫిర్యాదు చేయడానికి మనకు మొహం ఎక్కడిది? ఇన్వర్టర్ బ్యాటరీదైతే మరీ సుకుమారం. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకూ దాని ఆయుష్షు దాదాపు సగమైపోతుంది. ఆ 25 మనకు సంక్రాంతి పొద్దుల్లో దొరికే సరుకు.

మామూలు చిప్‌లు 0 నుంచి 70 డిగ్రీలకు, పరిశ్రమల రకం మైనస్ 40 నుంచి 85కు తయారవుతాయి. భీమవరం రొయ్యల చెరువుగట్టు మీద ఏరేటర్ల (నీటికి గాలి పట్టించే యంత్రాల) బోర్డుకు ఈ రెండో రకమే వేయించాలి. మైనస్ 40లోనూ బోర్డు పనిచేస్తుంది. రొయ్యలు చెరువులోనే గడ్డకట్టి, ప్రాసెసింగ్ ప్లాంటు గడప తొక్కకుండానే ఎగుమతికి సిద్ధమవుతాయి.

ఇలాంటి బోర్డుల చుట్టూ గాలిలో తేమ 95 శాతం దాకా ఉండొచ్చట, వాటి మీద నీటిబొట్టు మాత్రం కట్టకూడదట. నరసాపురంలో ఏసీ గదిలోంచి బయటికొస్తే కళ్లజోడే చెమ్మగిల్లుతుంది!

కనుక నా ప్రతిపాదన ఇది. మాన్యువల్‌కు తగ్గట్టు జిల్లాలనే సవరించాలి. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరంలో నీటికి ఆనకట్ట కట్టించాడు కదా, ఎండకూ ఒకటి కట్టించి లాకులు పెట్టాలి. పంపకంలో మొదటి వంతు ఫోన్లకు, తర్వాత బ్యాటరీలకు. కొబ్బరి దింపు తీసేవాళ్లకూ, ఇటుక బట్టీల్లో పనిచేసేవాళ్లకూ ఎవరూ స్టిక్కర్ అంటించలేదు కాబట్టి వాళ్లు ఈ పథకం కిందికి రారు.