రెండు నిమిషాల్లో పన్నెండు పద్యాలు

ఈసారి మన ప్రవాస తెలుగు సంఘం ఉగాది పద్య పోటీలో మార్కులన్నీ లెక్కకే. రెండు నిమిషాల్లో ఎవరు ఎక్కువ పద్యాలు చెబితే వారిదే షీల్డు. గెలిచిన పాప పన్నెండు చెప్పింది. చప్పట్లు మోగాయి, వరస పులిహోర వైపు కదిలింది. తప్పు పాపది కాదు, నియమాలు రాసిన పెద్దలది. కంఠస్థం చెడ్డదని ఎవరూ అనరు. అక్షరం రాని అమ్మమ్మల నోట కూడా పద్యం నిలిచింది దానివల్లే. కాకపోతే వాళ్ళు సందర్భం చూసుకుని ఒక్కటే వదిలేవారు, చురకలా.

ఆ పన్నెండులో వేమన పద్యం ఒకటుంది:

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్య పురుషులు వేరయా
విశ్వదాభిరామ వినుర వేమ

పిల్లలకు దీన్ని నేర్పేటప్పుడు ముందు అర్థం జోలికి పోకండి. లఘువుకు, అంటే పొట్టిగా పలికే అక్షరానికి, ఒక మాత్ర, గురువుకు, అంటే సాగే అక్షరానికి, రెండు చొప్పున తొడ మీద తాళం వేస్తూ మూడుసార్లు చదవండి. పాదాలకు వరసగా 19, 15, 18, 15 మాత్రలు వస్తాయి. గణమంటే అక్షరాల గుంపు. మూడు మాత్రల సూర్యగణాలు మూడు, నాలుగైదు మాత్రల ఇంద్రగణాలు రెండు ఉన్న బేసి పాదం సాగుతుంది. అయిదూ సూర్యగణాలే అయిన సరి పాదం చకచకా ముగుస్తుంది. ఈ ఛందస్సు పేరు ఆటవెలది, దాని నడకంతా ఈ తేడాలోనే ఉంది. పరుగు పెడితే ముందు పోయేదీ ఇదే.

ఇక నాలుగో గణం ముందు కాస్త ఆగాలి. అక్కడ యతి ఉంది, అంటే పాదం మొదటి అక్షరంతో అక్కడి అక్షరం కలవాలి. మొదటి పాదంలో ‘ఉప్పు’లోని ఉ, ‘నొక్క’లోని ఒ కలిశాయి. రెండో పాదంలో చూ, జా పొసగవు, అచ్చులు వేరు. అందుకే ‘చూడ’, ‘జాడ’ అని రెండో అక్షరాన్ని కలిపాడు. ప్రాసయతి అన్న పేరు తెలియకపోయినా ఆ రెండు డ-లూ చెవిన పడితే చాలు.

మన పిల్లలు ఇరుక్కునేది ‘నొక్క’ దగ్గర. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చిన కాగితం చూస్తే అది బటన్ నొక్కడమే అనిపిస్తుంది! విడదీస్తే కప్పురంబును, ఒక్క. ఉప్పూ కర్పూరమూ ఒకేలా ఉంటాయని. ఆ పోలికా ఇక్కడి వంటింట్లో కనబడదు, మనం వాడేది పొడి ఉప్పు కదా. ఇండియన్ స్టోర్ నుంచి కల్లుప్పు తెచ్చి, హారతి కర్పూరం బిళ్ళ చితక్కొట్టి, రెండూ ఒకే పళ్ళెంలో పెట్టండి. వాసన చూడనివ్వండి, కర్పూరం మాత్రం నోట పెట్టనివ్వొద్దు, విషం. అప్పుడు ‘చూడ చూడ’ అని రెండుసార్లు ఎందుకన్నాడో ఎవరూ చెప్పక్కర్లేదు. తాత్పర్యం ఆ తర్వాత, ఒక్క వాక్యంలో. మళ్ళీ ఒకసారి పైకి చదివితే ఆ వారానికి ఆ పద్యం చాలు.

తెలుగు మనకిక్కడ పరాయిదైపోయిందనే సాకూ చెల్లదు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించిన బ్రౌన్ దొర తెలుగు నేర్చింది ఇండియాకు ఉద్యోగానికి వచ్చాకే. ఆయన నిఘంటువు ఇప్పుడు ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఉచితంగా వెతుక్కోవచ్చు.

కార్యవర్గానికి ఒక్క మనవి. వచ్చే ఉగాదికి మనిషికి ఒకే పద్యం, మూడు నిమిషాలు పెట్టండి. చదవాలి, న్యాయనిర్ణేత అడిగిన ఒక మాట విప్పాలి, మళ్ళీ చదవాలి. అమ్మానాన్నలకూ ఒక విభాగం ఉండాలి, కాగితం చూసి చదివినా సరే, ఆ కాగితం తెలుగు లిపిలో ఉంటే. కల్లుప్పు పళ్ళెం ఖర్చు ఎలాగూ షీల్డు కంటే తక్కువే.