మహారాజశ్రీ రీసెట్ లైన్ గారి సముఖానికి

అయ్యా,

కర్నూలు నుంచి, చిప్పుల్ని మళ్ళీ మొదటికి తెచ్చే గీత అయిన మీ పేరు మీద కెర్నెల్ డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ని నడిపే ప్రోగ్రాములు) రాసుకుని బతికే ఒకడు నమస్కరించి రాసుకున్న ఉత్తరం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ ఇక్కడ బోర్డు కుశలంగా లేదు. అందుకే రాస్తున్నాను.

మీ పరపతి చూస్తే కుళ్ళుగా ఉంటుందండీ. రేషన్ షాపులో మిషన్ వేలిముద్ర తీసుకోకపోయినా, బస్టాండు పక్కన ఏటీఎం తెల్లమొహం వేసినా, ఇంట్లో వైఫై పోయినా అందరి నోటా ఒకటే మాట: "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయప్పా." పనిచేస్తే గొప్ప మీది. చేయకపోతే, "సరిగ్గా ఆఫ్ చేసుండవు" అని తప్పు ఆఫ్ చేసిన పిల్లోడిది.

మా టీములోనూ ఇదే వరస. "రీబూట్ చేశాక మళ్ళీ కనిపించలేదు" అని రాసి బగ్ మూసేస్తారు. అది మళ్ళీ వస్తే కొత్త నంబరు ఇచ్చి కొత్త బగ్ అంటారు. బెంగళూరు నుంచి మా లీడ్ ఫోన్ చేసి, "టైమౌట్ వచ్చిందా? రీసెట్ కొట్టేయ్, శుక్రవారం రిలీజ్ ఉంది" అంటాడు. ఆ డివైస్ డీఎంఏ నడుపుతోందా, అంటే ప్రాసెసర్‌తో పనిలేకుండా తానే మెమరీలోకి రాస్తోందా, దాన్ని ముందు ఆపామా, దానికి క్లాక్ సిగ్నల్ వస్తోందా అని అడిగితే నాకు నసగాడని పేరు. మీరు వచ్చి వెళ్ళాక, డివైస్ తన స్థితి దాచుకునే రిజిస్టర్లన్నీ కడిగిన పలక. ఏ బిట్ వల్ల ఇరుక్కుందో చెప్పే సాక్ష్యం ఒక్కటీ మిగలదు. దీన్నే మావాళ్ళు "ఫిక్స్" అంటారు.

బయటివాళ్ళకి మీరొక బటన్. చిప్పు లోపల అలా కాదు. యూఎస్‌బీకి ఒక గీత, ఈథర్‌నెట్‌కి ఒకటి, డిస్‌ప్లేకి ఒకటి. అన్నీ కలిపి ఒక కంట్రోలర్‌లో ఒక్కో బిట్. లినక్స్ కెర్నెల్‌లో మీకంటూ ఒక ఫ్రేమ్‌వర్క్ (అందరూ వాడుకునే ఉమ్మడి కోడ్) 2013లో, 3.10 వెర్షన్‌తో వచ్చింది. ఫిలిప్ జాబెల్ రాశారు. అంతకుముందు ఏ చిప్పువాళ్ళ సొంత ఫంక్షన్లు వాళ్ళవి. ఆ కంట్రోలర్‌కి డ్రైవర్ రాసేవాణ్ణి ఆ ఫ్రేమ్‌వర్క్ అడిగేది నాలుగే పనులు: అసర్ట్, డీఅసర్ట్, రీసెట్, స్టేటస్. పట్టుకో, వదులు, పట్టి వదులు, ఎలా ఉన్నారో చెప్పు. అవీ నాలుగూ ఉండి తీరాలని లేదు. వినడానికి టిఫిన్‌కి ముందే అయిపోయే పనిలా ఉంటుంది.

కానీ మీరు చాలాచోట్ల తలకిందులు కదా. గీత మీద వోల్టేజీ సున్నా అయితే డ్యూటీలో ఉన్నట్టు, వోల్టేజీ ఉంటే సెలవులో ఉన్నట్టు. ఒక చిప్పులో 1 రాస్తే రీసెట్, ఇంకోదాంట్లో 0 రాస్తే రీసెట్. పోనీ సరిగ్గానే రాశామనుకుందాం, రాసింది వెంటనే మీకు చేరుతుందా? ప్రాసెసర్ తన పని అయిపోయిందని ముందుకు పోతుంది, రాత ఇంకా దారిలోనే ఉంటుంది. అందుకని రాసిన రిజిస్టర్‌నే మళ్ళీ ఒకసారి చదువుతాం. వచ్చిన విలువ ఎవరికీ అక్కర్లేదు, రాత చేరేదాకా ఆగడానికే ఆ చదువు. ఇది తెలియని కుర్రాడు ఎవడో, "ఈ లైను దండగ" అని తీసేస్తాడు. ఆ తర్వాత ఇంకా రీసెట్‌లోనే ఉన్న డివైస్ రిజిస్టర్‌ని ముట్టుకుంటే కొన్ని చిప్పుల్లో బస్సే ఉరిపోసుకున్నట్టు ఆగిపోతుంది. ఆర్టీసీ బస్సు కాదులెండి, డేటా బస్సు.

మొన్న ఈథర్‌నెట్ ఫై చిప్పు (కేబులుతో మాట్లాడే చిప్పు) దగ్గర మీరు చేసింది అందరి ముందూ చెప్పాలి. కంపెనీ ఇచ్చే డేటాషీట్‌లో మిమ్మల్ని 10 మైక్రోసెకన్లు పట్టి ఉంచితే చాలన్నారు. పట్టాను, వదిలాను. చిప్పు ఐడీ చదివితే అన్నీ ఎఫ్‌లే వచ్చాయి, అంటే అవతల పలికేవాడే లేడు. మే నెల కర్నూలు ఎండలో, గాలికి ప్రోబ్ కదులుతోందని ఫ్యాన్ ఆపేసి, గీత మీద వోల్టేజీ చూపే ఆసిలోస్కోపు పెట్టి చూశాను. గీత కిందికి దిగడం టక్కున దిగింది. పైకి ఎక్కేటప్పుడు మాత్రం అహోబిలం మెట్లెక్కే ముసలాయనలా నెమ్మదిగా, వంపు తిరిగి ఎక్కుతోంది. బోర్డు గీసినాయన గీతని పైకి లాగే 10 కిలోఓమ్ పులప్ రెసిస్టర్ పెట్టి, పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ తగిలించాడు. రెండూ గుణిస్తే 1 మిల్లీసెకను, గీత ఎక్కే వేగం దాన్నిబట్టే. నా కోడ్ లెక్కలో మీరు ఎప్పుడో వెళ్ళిపోయారు, పిన్ను దగ్గర మాత్రం ఇంకా గడప దాటలేదు. వదిలాక ఎంతసేపు ఆగాలో డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నెల్‌కి చెప్పే ఫైల్లో) రాసుకునే వీలుంది కాబట్టి అక్కడ అంకె పెంచాను, ఎందుకు పెంచానో పక్కనే ఒక వాక్యం కూడా రాశాను. చిప్పు కంపెనీలు ఇచ్చే కోడ్‌లో ఆ వాక్యం ఉండదు. ఉట్టి అంకె ఉంటుంది, దాన్ని ముట్టుకోవడానికి అందరికీ భయం.

ఇక మీ ఉమ్మడి కాపురం సంగతి. రెండు మూడు డివైస్‌లకి కలిపి మీరు ఒక్కరే ఉంటారు. 2016 నుంచి మిమ్మల్ని అడిగేటప్పుడే, నాకొక్కడికేనా, నలుగురితో పాటా అని డ్రైవర్ చెప్పాలి. నలుగురితో పాటు అయితే లెక్కంతా సుంకేశుల నుంచి వచ్చే మా కేసీ కాలువ తూము దగ్గర నీళ్ళు వదిలే లష్కర్ పెట్టే లెక్కే. మొదటి రైతు నీళ్ళు కావాలన్నప్పుడు తలుపు ఎత్తుతాడు. రెండోవాడు, మూడోవాడు అడిగితే పుస్తకంలో గీత పెడతాడంతే, నీళ్ళు ఎలాగూ పారుతున్నాయి. మొదటి రైతు వచ్చి, "నా మడి తడిసింది, మూసేయ్" అంటే, "అట్లే" అని తల ఊపి ఒక గీత కొట్టేస్తాడు గానీ తలుపు దించడు. ఆఖరివాడు చాలన్నాకే దించుతాడు. న్యాయమే. కాకపోతే ఆ మొదటి డ్రైవర్, "అసర్ట్ చేశాను, 0 వచ్చింది అంటే తప్పేమీ లేదు, డివైస్ శుభ్రమైపోయింది" అని నమ్మి పాత రిజిస్టర్ల మీదే కాపురం పెడుతుంది. ఫ్రేమ్‌వర్క్ పత్రాల్లో ఈ సంగతి స్పష్టంగానే ఉంది. చదివేదెవరు?

ఇంతకన్నా ఘోరం ఆప్షనల్ రీసెట్, అంటే ఉంటే ఇవ్వు, లేకపోయినా ఫర్వాలేదని అడిగేది. బోర్డు మీద మీరు అసలు లేరనుకోండి. లేని మిమ్మల్ని అసర్ట్ చేస్తే కూడా సున్నా వస్తుంది, అంటే పని జయప్రదంగా ముగిసిందని. ఊళ్ళో లేకుండానే హాజరు పడే అదృష్టం ఇంకెవరికుందండీ?

పీసీ లోకంలో మీ పెద్దలూ ఇంతే. 1984 నాటి పీసీ ఏటీలో 286 ప్రాసెసర్ ప్రొటెక్టెడ్ మోడ్‌లోకి (మెమరీకి కాపలా ఉండే పద్ధతిలోకి) వెళ్తే తనంతట తాను వెనక్కి రాలేదు. రీసెట్ చేయాలి. ఆ బాధ్యత ఎవరికి ఇచ్చారు? కీబోర్డు కంట్రోలర్‌కి. నేటికీ లినక్స్‌లో ఎక్స్86 (పీసీ ప్రాసెసర్ల) రీబూట్ కోడ్ తెరిస్తే, ఒక దారి కుదరకపోతే ఇంకో దారి అని పోతూ కీబోర్డు కంట్రోలర్ తలుపు కూడా తడుతుంది. ఏదీ కుదరకపోతే కావాలని తప్పు మీద తప్పు మీద తప్పు చేయించి, ప్రాసెసర్ తనంతట తానే కుప్పకూలేలా చేస్తుంది. ఫలానా మోడల్‌కి ఫలానా పద్ధతే పనిచేస్తుందని మినహాయింపుల జాబితా ఒకటి అక్కడే ఉంది, కొత్త పేర్లు చేరుతూ వచ్చాయి. రీబూట్ చేయమని కెర్నెల్‌ని అడిగే సిస్టమ్ కాల్‌కి ఇచ్చే రెండో రహస్య సంఖ్య 672274793. హెక్సాలోకి (పదహారు అంకెల లెక్కలోకి) మారిస్తే 28121969, లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పుట్టిన తేదీ. ఈ కోడ్ రాసినవాళ్ళలో నాకు బాగా నచ్చిన చిలిపితనం ఇదొక్కటే.

మీలో నేను మెచ్చుకునే గుణమూ ఒకటుంది. చాలా చిప్పుల్లో రీసెట్ ఎందుకు జరిగిందో, కరెంటు వల్లనా, వాచ్‌డాగ్ (కోడ్ పలకకపోతే రీసెట్ చేసే టైమర్) వల్లనా, సాఫ్ట్‌వేర్ వల్లనా అని ఒక రిజిస్టర్‌లో మిగిల్చి పోతారు. అది చదివాక తుడవకపోతే తర్వాతి బూట్‌కి కూడా పాత కారణమే కనిపిస్తుంది. మా ఊరి సంగతీ అంతే. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని చేశారు, గుడారాల్లో ఆఫీసులు నడిపారు, 1956 నవంబర్ 1 నాటికి హైదరాబాద్ పోయారు. "మాజీ రాజధాని" అనే బిట్ మాత్రం ఇప్పటికీ 1 గానే ఉంది, ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు.

కావున నా విన్నపం. స్టేటస్ అడిగితే నేను రాసిన బిట్‌నే నాకు తిప్పి చూపకండి, పిన్ను దగ్గర ఏముందో అది చెప్పండి. డేటాషీట్‌లో కనీసం ఎంతసేపు పట్టుకోవాలో రాయించారు, వదిలాక గరిష్ఠంగా ఎంతసేపటికి డివైస్ లేస్తుందో కూడా రాయించండి. మా లీడ్ మిమ్మల్ని పిలిచినప్పుడు ఒక్క పది మిల్లీసెకన్లు ఆలస్యంగా రండి, ఈలోగా రిజిస్టర్లు డంప్ తీసుకుంటాను.

ఇట్లు,
మీ డ్రైవర్ రాతగాడు,
కర్నూలు.

నకళ్ళు: వాచ్‌డాగ్ టైమర్ గారికి, నా కోడ్ పలకకపోతే మిమ్మల్ని పంపేది వారే గనుక, సమాచారం నిమిత్తం. పవర్-ఆన్ రీసెట్ గారికి, మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా, తగు చర్య నిమిత్తం.