మహారాజశ్రీ మిషన్ల లీజు గారికి

మహారాజశ్రీ ఎక్విప్‌మెంట్ లీజు గారి సముఖానికి, గోదావరి డెల్టాలో రొయ్యల చెరువులు, ఐసు ఫ్యాక్టరీలు, రైసు మిల్లులు, కొబ్బరి పీచు షెడ్లు నడుపుకునే చిన్న వ్యాపారులు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరు కుశలమేనని మాకు తెలుసు లెండి. ప్రతి నెలా ఐదో తారీకున అకౌంట్లో డబ్బు కోసినట్టు వచ్చే మెసేజే ఆ కబురు చెబుతోంది.

కౌలంటే మాకు కొత్త కాదండి. ఎకరానికి ఇన్ని బస్తాలని మాట్లాడుకుని, పండినా మునిగినా ఆసామి వాటా కొలిచి ఇచ్చే దేశం ఇది. అందుకే తమరొచ్చి "మిషను కొనక్కర్లేదు, అద్దె కట్టి వాడుకోండి" అంటే ఎవరూ ఉలిక్కిపడలేదు. పొలానికి కౌలున్నట్టే మిషనుకూ కౌలు, అంతేగా అనుకున్నారు. పొలం కౌలులో ఒక సౌకర్యం ఉంది. గాలివానకు చేను పడిపోతే ఆసామి ఇంటి అరుగు మీద కూర్చుని "ఈసారికి రెండు బస్తాలు తగ్గించండి" అని బతిమాలుకోవచ్చు. తమరికి అరుగు లేదు. టోల్‌ఫ్రీ నంబరు ఉంది.

తమ పుట్టుపూర్వోత్తరాలు కూడా మాకు కొంత తెలుసు. ఈ దేశంలో మొదటి లీజింగ్ కంపెనీ 1973లో మద్రాసులో పుట్టింది. తమ పెదనాన్న కొడుకు హైర్ పర్చేజీ (అద్దె కడుతూ పోయి ఆఖర్న సరుకు సొంతం చేసుకునే పద్ధతి) కోసం 1972లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. అది ఒక్కరోజు కూడా అమల్లోకి రాకుండానే 2005లో రద్దయిపోయింది. ఇక తమకంటూ ప్రత్యేక చట్టమే లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమూ, మేం సంతకం పెట్టిన ఆ ఇరవై పేజీల సన్నక్షరాలే తమ వేదం.

సరే, అసలు సంగతికొద్దాం. తమ ఏజెంటు గారు వడ్డీ మాట ఎత్తరు. "వెయ్యికి నెలకి ముప్ఫై ఆరు రూపాయలండీ" అంటారు, బుట్టలో చేపల ధర చెప్పినంత తేలిగ్గా. పది లక్షల మిషనుకి నెలకు 36,000. మూడేళ్లకు 12,96,000. "మూడేళ్లకి మూడు లక్షలు కూడా లేదు, ఏడాదికి పది శాతం లోపే" అని ఆయనే లెక్క కట్టి చూపిస్తారు. నెలనెలా అసలు తగ్గుతూ పోతుంటే వడ్డీ మాత్రం మొదటి రోజు పది లక్షల మీదే నడుస్తోందన్న సంగతి ఆ కాలిక్యులేటర్లో కనపడదు. తగ్గే అసలు మీద లెక్కేస్తే అది 17.7 శాతం.

అక్కడితో ఆగితే బాగుండును. సెక్యూరిటీ డిపాజిట్ అని పది శాతం, అంటే లక్ష, ముందే పుచ్చుకుంటారు. మూడేళ్లూ దానికి వడ్డీ ఉండదు. మా చేతికి వచ్చింది తొమ్మిది లక్షల సరుకు, అద్దె మాత్రం పదికి. అప్పుడు 21 దాటింది. మొదటి నెల అద్దె కూడా అడ్వాన్సుగా పట్టుకుంటే 23కి చేరువైంది. ఆఖర్న ఆ లక్ష తిరిగివ్వకుండా "మిషను ధర కింద సర్దేశాం, ఇక మిషను మీదే" అన్నారా, 27 పైమాటే. ప్రాసెసింగ్ ఫీజు ఇంకా కలపలేదండోయ్. నమ్మకం లేనివాళ్లు ఫోన్లోనే ఎక్సెల్ తెరిచి, మొదటి గడిలో చేతికొచ్చిన నికరం ప్లస్సులో, కింద కట్టేవన్నీ మైనస్సులో నెలకొక గడి చొప్పున వేసి, ఐఆర్ఆర్ (వాయిదాల్లో దాగున్న అసలు నెల రేటు చెప్పే సూత్రం) కొట్టి పన్నెండుతో గుణించుకోవచ్చు. పది నిమిషాల పని.

బ్యాంకు అప్పయితే 2024 అక్టోబరు నుంచి చిన్న వ్యాపారి చేతికి కూడా అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది రేటు ఒక కాగితం మీద రాసివ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. తమరిని ఆ కాగితం అడిగితే "నేను అప్పుని కాదండి, అద్దెని" అంటారు. వాయిదా తప్పినప్పుడు మాత్రం ఏ అప్పులవాడూ తమ కాలిగోటికి సరిపోడు.

జీఎస్టీ ముచ్చట ఇంకొకటి. 18 శాతం పన్నున్న పది లక్షల మిషను బ్యాంకు అప్పుతో కొంటే పన్ను 1,80,000. వడ్డీ మీద జీఎస్టీ లేదు. తమ దగ్గరైతే అద్దె మొత్తం మీద పన్ను. నెలకు 6,480, మూడేళ్లకు 2,33,280. ఆ 53,280 తేడా ఎక్కడిదంటే, వడ్డీ అద్దె వేషం కట్టుకొచ్చి పన్ను వేయించుకున్నది. ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకునే, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుని అమ్మినప్పటి పన్నులో తగ్గించుకునే వ్యాపారికి ఇది తగలదు. ఆ క్రెడిట్ వదులుకుని అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే కాంపొజిషన్‌ పద్ధతిలో ఉన్న చిన్న షాపుకీ, అమ్మే సరుకు మీద పన్నే లేని పచ్చిరొయ్య రైతుకీ మాత్రం ఆ పన్నంతా జేబులోంచే.

ఇప్పుడు తమ క్యాలెండరు గురించి. తమకు ఏడాదికి పన్నెండు నెలలు. మాకు సార్వా, దాళ్వా. వరికోత మిషను నవంబరు, డిసెంబరుల్లో తిరుగుతుంది, మళ్లీ ఏప్రిల్లో తిరుగుతుంది. మిగతా నెలల్లో షెడ్డులో పట్టా కప్పుకుని పడుకుంటుంది. వనామీ రొయ్యల చెరువుకి నాలుగు నెలలకు ఒకసారి డబ్బు. ఇలాంటివాళ్ల దగ్గర ఐదో తారీకు అద్దె బౌన్సు కాక ఏమవుతుంది? బౌన్సయితే తమరు ఒక చార్జీ, బ్యాంకు ఒక చార్జీ, ఆ పైన ఆలస్యపు వడ్డీ, అది కాక సిబిల్‌లో మచ్చ. కోతల నెలల్లో బరువుగా, మిగతా నెలల్లో నామమాత్రంగా వాయిదాలు పెట్టే పద్ధతి తమ దగ్గర లేకపోలేదు. అడిగినవాడికే ఇస్తారు. ఏజెంటు నోటితో ఒప్పుకుంటే చాలదు, అగ్రిమెంటు వెనకున్న వాయిదాల పట్టికలో తారీకులతో సహా అచ్చుపడాలి.

ఇంకో షరతు ఉంది. మిషను పనిచేసినా చేయకపోయినా, ఉన్నా పోయినా, అద్దె ఆగదన్నది. ఇంగ్లీషువాళ్లు దానికి "నరకమొచ్చినా వరదొచ్చినా" షరతని పేరు పెట్టుకున్నారట. వాళ్లకది మాటవరస. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే మా లంకల్లో మోటార్లు నిజంగానే నీళ్లలో ఉంటాయి. ఇన్సూరెన్సు ఉందిగా అంటారు. ప్రీమియం మాది, క్లెయిము డబ్బు తమది. పాలసీ కొత్త మిషను ధరకు కాక పాతబడిన మిషను ధరకు ఉంటే తరుగుదల కోసుకుని ఇస్తారు, తమ బాకీకీ దానికీ మధ్య గుంట మేం పూడ్చాలి. పాలసీలో తుఫాను, వరద, ముంపు అన్న మాటలు ఉన్నాయో లేదో సంతకం రోజే చూసుకోవాలి. మోటారు కాలిపోవడం అందులోకి రాదు, దానికి బ్రేక్‌డౌన్ పాలసీ వేరే.

చెరువు నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్ సంగతి దగ్గర్నుంచి చూడండి. రెండు హెచ్‌పీ, నాలుగు చక్రాలు. ఒక హెచ్‌పీకి అయిదు వందల కిలోల రొయ్య అని చెరువు గట్టు మీద వాడుక లెక్క. అంటే రెండు టన్నుల చెరువుకి ఇలాంటివి రెండు. ఉప్పునీళ్లు ముందు గేర్‌బాక్సు ఆయిల్ సీలుని తింటాయి. సీలు పోతే లోపలికి నీరు దిగుతుంది. ప్లగ్గు విప్పితే ఆయిలు మజ్జిగలా తెల్లగా వస్తుంది. ఆ రోజే మార్చకపోతే వారంలో బేరింగు గీపెడుతుంది, తర్వాత షాఫ్టు పట్టేస్తుంది. అది పట్టేసేది ఎప్పుడూ తెల్లవారుజామునే, నీళ్లలో ఆక్సిజన్ అట్టడుక్కి పోయే వేళ. అప్పుడు తమకు ఫోను చేస్తే "మేం డబ్బు పెట్టినవాళ్లమే, మిషను అమ్మినవాణ్ని అడగండి" అంటారు. అమ్మినవాడు "ఉప్పు తుప్పు వారంటీలో లేదు" అంటాడు. ఇద్దరి మధ్యా రొయ్య తేలిపోతుంది. అందుకే డెలివరీ కాగితం మీద సంతకం మిషను లారీ దిగినప్పుడు కాదు, కనీసం వారం రోజులు తిరిగాక పెట్టాలి. ఆ సంతకంతోనే తమ అద్దె గడియారం మొదలవుతుంది, తమ బాధ్యత ముగుస్తుంది. వారంటీ మీద నేరుగా అమ్మకందారుని అడిగే హక్కు మాకు రాసివ్వమంటే తమరు కాదనరు, అదీ అడగాలి.

అన్నీ తిట్లేనా అనుకోకండి. పొలం కాగితాలో ఇంటి కాగితాలో లేవని బ్యాంకు మేనేజరు చేతులెత్తేసిన చోట తమరు మిషనునే హామీగా పెట్టుకుని వచ్చారు. నాలుగేళ్లకే పాతబడిపోయే కలర్ జిరాక్సు మిషనుకీ, మిల్లులో రంగు చూసి బియ్యం ఏరే సార్టెక్సుకీ, ఒక్క పంటకే కావాల్సిన జనరేటరుకీ తమంత మేలైన దారి లేదు. కానీ పదిహేనేళ్లు మన్నే ఐసు ఫ్యాక్టరీ కంప్రెషరుని మూడేళ్ల అద్దెకు తెచ్చుకోవడమేమిటండి? అది పెళ్లికి ఇల్లు అద్దెకు తీసుకుని కాపురం కూడా అందులోనే చేసినట్టు.

ఈ నెల అద్దె ఐదో తారీకున యథాప్రకారం ముడుతుంది.

ఇట్లు,
తమ కౌలుదార్లు

తా.క.: గడువు ముగిశాక మిషను ధర "మార్కెట్ రేటు" అని కాక అంకెల్లో రాయండి. ఆ మార్కెట్టు ఎక్కడుందో ఇక్కడెవరికీ తెలియదు. తిరిగిచ్చేటట్టయితే విప్పదీత కూలీ, లారీ కిరాయి ఎవరివో రాయండి. ఉప్పునీటి తుప్పుని మామూలు అరుగుదల కింద చేర్చండి. మూడు నెలల ముందు నోటీసు ఇవ్వకపోతే లీజు దానంతటదే పొడిగింపవుతుందన్న పదిహేడో పేజీ ఇప్పుడే చూశాం. నోటీసు రిజిస్టరు పోస్టులో వేశాం, రశీదు జిరాక్సు జతచేశాం.